నాయినమ్మ అడిగిన మీసం

పోయిన నెల మా పక్కింట్లో కొత్తగా ఒక కుటుంబం దిగింది. దిగిన మూడో రోజు ఆ ఇంటామె గోడ మీది నుంచి తొంగి చూసి, వాకిట్లో ఎండకు కూర్చున్న మా బాపును పలకరించింది.

"ఎవలు పోయిండ్రు బాపూ?" అంది, గొంతు తగ్గించి ఎంతో జాలిగా.

"మా అవ్వ."

"అయ్యో! ఎప్పుడు?"

"ఇరవై అయిదేండ్లయింది బిడ్డా" అన్నాడు బాపు నవ్వుతూ.

ఆమె నా దిక్కు చూసింది. ముసలాయనకు మతి సరిగా లేదని అనుకున్నట్టుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏదో ఒకటి అనేసేదాన్నే గానీ తప్పు ఆమెది కాదు. మా వైపు మగవాడి మూతి మీద మీసం లేదంటే తల్లో తండ్రో పోయినట్టు లెక్క. పోయిన నాడు గానీ పదో దినం గానీ కొడుకు మీసం ఇస్తాడు. తీస్తాడు అనం, ఇస్తాడు అనే అంటాం. తొమ్మిది నెలలు మోసినామెకు, భుజాన ఎత్తుకు తిరిగినాయనకు కొడుకు ఆఖరుసారి ఇచ్చేది అదే. డెబ్బై ఆరేళ్ల మా బాపు తన జన్మలో మీసంతో తిరిగింది నాలుగంటే నాలుగు నెలలు.

ఇప్పుడంటే నేను ఆసిఫాబాద్‌లో టీచరుగా పనిచేస్తూ అవ్వను, బాపును, అంటే మా అమ్మానాన్నలను, నా దగ్గరే ఉంచుకున్నాను. పుట్టి పెరిగింది మాత్రం చొప్పదండి దగ్గర ఒక చిన్న ఊళ్లో, నేతపని వాళ్ల వాడలో. మా ఇంట్లో మగ్గం బాపుది, రాట్నం నాయినమ్మది, మిగిలిన చాకిరీ అంతా అవ్వది. తాతను నేను చూడలేదు. బాపుకు పదేళ్లున్నప్పుడే పోయాడట. అయితే ఊళ్లో ఎవరూ బాపును నేతగాడిగా తలుచుకునేవారు కాదు. ఆయన మేళంలో ఆడవేషం కట్టేవాడు.

పంటలు ఇళ్లకు చేరాక మేళాలు ఊరూరా తిరిగి కథలాడేవి. మేళంలో అందరూ మగవాళ్లే. రాణి అయినా దాసి అయినా మగవాడే చీర కట్టాలి. బాపుకు పదహారేళ్లప్పుడు ఒకరోజు నాయినమ్మకు జ్వరమొచ్చింది. మేనత్త అప్పటికే పెళ్లయి లక్సెట్టిపేట పోయింది. ఇంట్లో నీళ్లు తెచ్చే ఆడదిక్కు లేక బాపే బిందె చంకన పెట్టుకుని బావికి పోయాడు. చీరలు కొనడానికి వాడలోకి వచ్చిన మేళం పెద్ద ఎదురుపడి, నిలబడి చూశాడట. నీళ్లు తొణకలేదు, మెడ వంగలేదు, ఖాళీ చేయి నడకకు తగ్గట్టు ఊగుతోంది.

"నీకు ఈ నడక ఎవలు నేర్పిండ్రు పోరగా?" అని అడిగాడట.

ఎవరూ నేర్పలేదు. బిందె మోసే మనిషి అంటే బాపుకు నాయినమ్మే. చూసి చూసి ఆమె నడకే ఒంటికి పట్టింది.

అట్లా మొదటి ఏడు దాసి వేషం, రెండో ఏడు చిన్న రాణి, నాలుగో ఏడుకు పెద్ద రాణి. పెద్ద రాణి అంటే ఇక కథంతా ఆమె మీదే నడుస్తుంది. బాపు రాణి కడతాడంటే పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. వేషం దగ్గర అవ్వ ఉండాల్సిందే. ముఖానికి పసుపు రంగు అర్దళం పూసి, కాటుక దిద్ది, సవరం పెట్టి జడ అల్లి, తన పెళ్లి చీర తీసి కట్టేది. మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సరిచేస్తూ, "జర కదలకయ్యా, పెండ్లినాడు నేను గూడ ఇన్ని వేషాలు పోలే" అని గొణిగేది. నేను అద్దం పట్టుకునేదాన్ని. చూస్తుండగానే అద్దంలోంచి బాపు పోయేవాడు, ఇంకెవరో ఆడమనిషి వచ్చేది. నాకు అదంటే ఎంత ఇష్టమో అంత భయం.

బడిలో మాత్రం నా పని అయిపోయేది. "మీ ఇంట్ల ఇద్దరు అవ్వలంట గదనే!" అని ఒకడు ఎక్కిరిస్తే వాడి పలక వాడి నెత్తి మీదే పగలగొట్టి, ఇంటికొచ్చి నేనే ఏడ్చాను. బాపు మగ్గం ఆపి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"వానికి ఒక్క అవ్వనే. నీకు ఇద్దరున్నరు. ఏడిస్తే వాడు ఏడ్వాలె, నీకేం ఫికర్?"

ఆ మాట ఇప్పటికీ నాకు ధైర్యం. నిజంగానే నాకు ఇద్దరు. జడ అల్లడం, చీర కట్టడం, కాటుక కంట్లోకి పోకుండా దిద్దుకోవడం అన్నీ నాకు బాపే నేర్పాడు.

ఇంత పేరొచ్చినా బాపుకు ఒక కొరత ఉండేది. నాయినమ్మ ఆయన ఆట ఒక్కసారి కూడా చూడలేదు. నాయినమ్మకూ ఒక కొరతే. వేషగాడన్నాక రెండు రోజులకోసారి మూతి గీసుకోవాలి, ఇక మీసం ఎక్కడిది?

"అందరి కొడుకులు మీసమిస్తరు. నేను సస్తే నువ్వేమిస్తవ్‌రా? అర్దళం డబ్బానా?" అనేది.

"అవ్వా, ఒక్కసారొచ్చి నా ఆట సూడు. తర్వాత ఏదడిగితే అదిస్త."

"మీసం పెంచు, వస్త."

"మీసం పెంచినంక రాణి వేషం ఎట్ల కడ్తనే?"

"గది నీ కష్టం."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో అవ్వ నవ్వుకుంటూ కూరగాయలు తరుక్కునేది. నేనూ నవ్వేదాన్ని. నాయినమ్మకు మాత్రం అది నవ్వులాట కాదు. తాత పోయినప్పుడు బాపు పదేళ్ల పిల్లవాడు. గుండు గీయించారు గానీ ఇవ్వడానికి మీసం ఏది? మొగునికి అందలేదు, ఇప్పుడు తనకూ అందకపోతే అక్కడికి పోయి ఆయనకు ఏ మొహం చూపాలి అన్నది ఆమె భయం. ఆ భయం నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడైతే, ఈ ముసలమ్మకు మీసం పిచ్చేంది అనుకునేదాన్ని.

నా పదో ఏట, చలికాలం మధ్యలో, నాయినమ్మ మంచం పట్టింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని కరీంనగర్ పెద్ద దవాఖానలో వారం ఉంచుకుని పంపారు. ఇంటికొచ్చాక గంజి తప్ప ఏదీ గొంతు దిగలేదు. ఒక పొద్దున బాపు గీసుకుందామని మూతికి సబ్బు నురగ పట్టించి అద్దం ముందు కూర్చున్నాడు. మంచం మీది నుంచి నాయినమ్మ చూసింది. ఎప్పటిలాగా ఒక మాట అనేసి ఉంటే బాపు గీసుకునేవాడేమో. ఏమీ అనకుండా గోడ దిక్కు తిరిగింది. బాపు కత్తి కింద పెట్టి, నురగ తుడుచుకుని, మగ్గం గుంతలోకి దిగాడు. ఆ రోజే మేళం పెద్దకు కబురు పంపాడు, ఈ ఏడు రానని.

అది చిన్న సంగతి కాదు. పదహారేళ్లు కట్టిన పెద్ద రాణి వేషం వేరే వాడికి పోయింది. కొత్తవాడు జనానికి నచ్చితే బాపు మళ్లీ దాసి వేషానికి దిగాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు.

మీసం బాగా వచ్చింది, ఒత్తుగా, నల్లగా. బాపు దానికి కొబ్బరినూనె రాస్తే అవ్వ ఊరుకుంటుందా? "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అంది. నాకైతే ఎక్కడ లేని గొప్ప. బాపు చేయి పట్టుకుని బజారంతా తిప్పాను, బడి ముందు నుంచి రెండుసార్లు తిప్పాను. పలక పగిలినవాడు చూడాలని నా కోరిక, వాడు చూశాడు కూడా. నాయినమ్మ మంచం మీది నుంచి ఆ మీసాన్నే చూస్తూ గంజి నుంచి మెత్తటి అన్నానికి వచ్చింది, అన్నం నుంచి రొట్టెకు వచ్చింది. ఎండలు ముదిరేసరికి లేచి రాట్నం ముందు కూర్చుంది. మీసం చూసి యముడు దడుచుకున్నాడని వాడంతా నవ్వుకున్నారు.

నవ్వనిది బాపు ఒక్కడే. మగ్గం మీద కూనిరాగం తీసే మనిషి నోరు మూతపడింది. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. నడక కూడా మారింది. మీసానికి తగ్గట్టు ఉండాలనుకున్నాడేమో, భుజాలు విరుచుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ నడిచేవాడు. ఒక మధ్యాహ్నం నాయినమ్మ రాట్నం తిప్పుతూ నన్ను అడిగింది.

"మీ బాపు ఎందుకే గట్ల నడుస్తుండు? కాలు నొస్తుందా?"

"లేదు నాయినమ్మా. మగోళ్ల లెక్క నడుస్తుండు. ముందుగాల నీ లెక్క నడుస్తుండె."

"నా లెక్కనా?"

ఆమెకు తెలియదు. ఊరందరికీ తెలిసిన సంగతి, పక్క ఊళ్ల వాళ్లకు తెలిసిన సంగతి, ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్తే తిడుతుందని బాపు భయపడి ఉంటాడు. నాకేం భయం? లేచి, పరికిణీ ఎత్తి పట్టుకుని, మగ్గం ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు బాపు రాణిలా నడిచి చూపించాను. మెడ ఇట్లా, చేయి ఇట్లా, గడప దాటేటప్పుడు తల ఇట్లా వంచడం. నాయినమ్మ కళ్లప్పగించి చూసింది.

"రాణి ఏడ్సుడు గూడ నీ లెక్కనే" అన్నాను ఉత్సాహంగా. "మొగడు సచ్చిండని సెప్తె ఒర్రదు, గుండెలు కొట్టుకోదు. కొంగు నోట్లె కుక్కుకుని గోడ దిక్కు తిరుగుతది."

రాట్నం ఆగింది. "గది వాడెప్పుడు సూసిండు?"

"తాత పోయిన నాడంట."

నాయినమ్మ ఆ రోజు ఇంకొక్క నూలు కండె కూడా చుట్టలేదు.

తెల్లారి పొద్దున్నే ఆమే పోయి మంగలాయనను వెంటబెట్టుకొచ్చింది. వాకిట్లో పీట వేసి బాపును పిలిచి, "కూసో" అంది. ఏమీ అర్థంకాక బాపు కూర్చున్నాడు.

"వీని మీసం తియ్. నాకియ్యాలె గద, ఇప్పుడే తీస్కుంట."

మంగలాయన చేతిలో కత్తి అక్కడే ఆగింది. "బతికున్నోళ్లకు ఇచ్చుడేంది పెద్దమ్మా? అశుభం."

"సచ్చినంక ఇస్తే ముట్టిందో లేదో ఎవలికెరుక? నా సేతికియ్యి. ముట్టిందని నేనే సెప్త."

అవ్వ వద్దు అత్తమ్మా అని ఏడుపు మొదలుపెట్టింది. బాపు పీట మీది నుంచి లేవబోయాడు. "నేనియ్య అవ్వా. నువ్వు నూరేండ్లుండాలె."

"కూసోరా! నేను సచ్చెదాక నిన్ను గీ మగ్గం గుంతల పాతిపెట్టుకోవాల్నా?" అని నాయినమ్మ ఆయన భుజం పట్టి కూర్చోబెట్టింది. తర్వాత గొంతు తగ్గించింది. "వచ్చే అమాసకు మేళం మన ఊర్కొస్తది. నీ ఆట సూస్తా బిడ్డా."

బాపు ఇక కదలలేదు. మంగలాయన చావింట్లో చేసే అలవాటు కొద్దీ పీటను దక్షిణం దిక్కుకు తిప్పబోతే, "తూర్పుకు తిప్పు" అని కసిరింది నాయినమ్మ. ఒక్క వెంట్రుక కింద పడకుండా బాపు గడ్డం కింద తన కొంగు పట్టింది. అంతా అయ్యాక ఆ వెంట్రుకలను చిన్న గుడ్డపేలికలో మూటగట్టి తన ఇనుప పెట్టెలో దాచుకుంది.

అసలు గోల అప్పుడు మొదలైంది. మా వాడలో ఒకాయన సరిగ్గా ఆ వేళకే లక్సెట్టిపేట బస్సు కోసం ఉరుకుతున్నాడు. ఉరుకుతూ మా వాకిట్లోకి చూశాడు. మంగలాయన, పీట, సగం తీసిన మీసం, కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న అవ్వ. చలికాలమంతా మంచంలో ఉన్న ముసలమ్మ మాత్రం మంగలాయన వీపు చాటున పడి కనిపించలేదు. ఇంకేం అడగాలి? బస్సు దిగి నేరుగా మా మేనత్త ఇంటికి పోయి చెప్పేశాడు.

సాయంత్రం బస్సుకు అత్త దిగింది. వాడ మూలమలుపు నుంచే శోకం ఎత్తుకుంది. "నన్ను కన్నతల్లీ, నాకు సెప్పకుంట పోతివా... నీ బిడ్డ యాదికి రాలేదా..." ఆమె గొంతు విని ఆడవాళ్లందరూ బయటికొచ్చారు. పొద్దుటి దాకా బాగానే ఉండెగదా అనుకుంటూనే, ఎందుకైనా మంచిదని వాళ్లూ ఏడుపు అందుకున్నారు. అందరూ కలిసి మా ఇంటి ముందుకు వచ్చేసరికి నాయినమ్మ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతోంది.

"ఎవలు సచ్చిండ్రే?" అంది.

అత్త ఉన్నచోటే కూలబడింది. కాసేపటికి లేచి, ఏడుస్తూ, నవ్వుతూ, తల్లి భుజం మీద నాలుగు దెబ్బలు వేసి, ఆమెను గట్టిగా పట్టుకుంది. అత్త చంకలో ఒక కొత్త నేత చీర ఉంది, శవం మీద కప్పడానికి తెచ్చినది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక ఆమె తంటాలు పడుతుంటే నాయినమ్మ గుంజుకుని విప్పి చూసింది.

"అంచు మంచిగున్నది. సచ్చినంక కప్పితే వట్టిగ పాడైతుండె గద" అంది. ఆ చీర కట్టుకునే కొడుకు ఆటకు పోయింది.

మేళం పెద్ద బాపుకు వేషం సులువుగా ఇవ్వలేదు. కొత్త కుర్రవాడు జనానికి నచ్చాడు. మూడు దినాల కథలో ఆఖరి భాగం మా వైపు పగటిపూట ఆడేవారు. ఎండకు రంగు కరిగి ముఖం మీద కారుతుందని ఎవరూ దానికి మొగ్గు చూపరు. బాపు ఆ పగటి ఆట ఒక్కటి తనకిమ్మని అడిగాడు. కుర్రవాడు సంతోషంగా వదులుకున్నాడు.

నాయినమ్మ అందరికంటే ముందు కూర్చుంది. నేను పక్కన, అత్త ఆ పక్కన. మద్దెల మోగింది. తెర తొలగించుకుని రాణి నడిచి వచ్చింది. జనం ఈలలు వేశారు. నాయినమ్మ మాత్రం రాణి కాళ్లనే చూసింది. వార్తాహరుడు వచ్చి యుద్ధంలో రాజు పడిపోయాడని చెప్పే ఘట్టం వచ్చింది. రాణి అప్పుడు పూలమాల కడుతోంది. వార్త విన్నది. చేతులు ఆగలేదు. మిగిలిన పూలన్నీ వరసగా కట్టి, ముడి వేసి, మాలను జాగ్రత్తగా పక్కన పెట్టింది. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని గోడ దిక్కు తిరిగింది. వీపు ఒక్కటే కదిలింది. 

నాయినమ్మ నా చేయి పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"సేతిల కండె ఉండె. చుట్టి పెట్టినంకనే తిరిగిన" అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు. "పోరడు సూడలే అనుకున్న."

ఆట అయ్యాక బాపు చీరతోనే వచ్చి ఆమె కాళ్లకు మొక్కాడు. అర్దళం చెమటకు కరిగి మెడ మీదికి కారింది. నాయినమ్మ కొత్త చీర కొంగుతో ఆయన ముఖమంతా తుడిచింది. చీర పసుపు పచ్చగా అయింది. "మంచిగ చేసినవ్ బిడ్డా" అంటుందని మేమంతా చూస్తున్నాం.

"నడుము జర నిటారుగ పెట్టు" అంది. "నేను గంత వంగి నడ్వ."

ఆ ఆట తర్వాత పదేళ్లు రాణి వేషం మళ్లీ బాపుదే, నడుము నిటారుగానే. ఇంటింటికీ టీవీలు వచ్చాక మేళం విడిపోయింది. గుంత మగ్గాలు కూడా పోయి, మేము సాంచాలు అనే కరెంటు మగ్గాలు వచ్చాయి. బాపు షెడ్డులో కూలికి కుదిరాడు. ఆ రొదలో ఆయన పెదాలు కదలడం కనిపించేది గానీ పాట వినిపించేది కాదు. వేషాలు లేకపోయినా మీసం మాత్రం మళ్లీ పెంచలేదు. ఎందుకని అడిగితే, "అవ్వకిచ్చేసిన గద. ఇచ్చింది మల్ల ఎట్ల పెట్టుకుంటరే?" అనేవాడు.

నాయినమ్మ ఇంకో పదిహేనేళ్లు బతికింది. ఒక వానాకాలం పొద్దున రాట్నం పక్కనే ఒరిగి పోయింది. నేను ఉద్యోగం ఊరి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. బాపు ఏడవలేదు. పది దినాలూ కంట చుక్క రాలలేదు. వేషగానికి ఏడుపు రంగు పూసుకుంటేనే వస్తుందేమో అని వాడలో ఎవరో అన్నారు. నాకు వాళ్ల పీక పిసకాలనిపించింది.

పదో దినం వాగు ఒడ్డున బాపు తల గీశారు. మీసం దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇయ్యనీకి ఏమున్నది? ముసలమ్మ ఆశ ఆశగనే పోయె" అన్నాడు ఒకాయన. అవ్వ నడుముకు దోపుకున్న గుడ్డమూట తీసి ముందు పెట్టింది. అప్పటి మంగలాయన ముసలివాడై, కత్తి కొడుకుకు అప్పగించి తాను పక్కన కూర్చున్నాడు. ఆ మూటను చూసి గుర్తుపట్టాడు.

"ముట్టింది" అన్నాడు గట్టిగా. "నా సేతులతోనే తీసిన. పెద్దమ్మ కొంగులనే పడ్డది. నేను సాక్షి."

మూట విప్పారు. బాపు తల నుంచి అప్పుడే రాలిన జుట్టు సగం తెల్లగా ఇసుకలో పడి ఉంది. మూటలోని వెంట్రుకలు మాత్రం ముప్పై ఆరేళ్ల మగవాడి మీసంలా నల్లగా ఉన్నాయి. పదిహేనేళ్లు ఆమె వాటిని పెట్టెలో భద్రంగా పెట్టుకుంది. బాపు వాటిని చూశాడు. చేతిలో పిండం ముద్ద ఉంది. చేతులు ఆగలేదు. ముద్దను గుండ్రంగా ఒత్తి, ఆకులో జాగ్రత్తగా పెట్టి, వేళ్లకు అంటిన మెతుకులు తీసేసుకున్నాడు. అప్పుడు భుజం మీది తువ్వాల కొస నోట్లో కుక్కుకుని వాగు దిక్కు తిరిగాడు. వీపు ఒక్కటే కదిలింది.

నా పక్కనే ఉన్న మేనత్త ఆ వీపును చూసి, రెండు చేతులూ ముందుకు చాచి, "అవ్వా" అని పిలిచింది.